ముందు పేర్లు తేల్చండి

చిరంజీవికి ఆశీస్సులు.

యుద్ధాల్లో ప్రాణాలిచ్చిన మన పూర్వ విద్యార్థులకు బడి ఆవరణలో స్మారకం కడుతున్నామని డిజైన్ పంపావు. బాగుంది, కానీ పేర్ల జాబితా ఏదీ?

పాత అడ్మిషన్ రిజిస్టర్లు దుమ్ము దులిపి తియ్యండి. వాటిలో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంటుంది. సైన్యం కాగితాల్లో అదే ఇంటిపేరు పూర్తిగా, ఒక్కోసారి పేరు వెనకాల ఉంటుంది. ఇద్దరూ ఒక్కడేనని తేల్చేది తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు. సర్వీస్ నంబరు, రెజిమెంటు గుంటూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్ల పేర్లు ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద ఉన్నాయి. 2019లో ప్రారంభించినప్పుడే అవి 25 వేలు దాటాయి. ప్రపంచ యుద్ధాల్లో పోయినవాళ్లు అందులో ఉండరు, వాళ్లకోసం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రికార్డులు చూడాలి.

ఎవరిని చేర్చాలన్న దగ్గరే కమిటీలో గొడవ వస్తుంది. 1962, 1965, 1971, కార్గిల్ వరకు పేచీ లేదు. 2020లో గల్వాన్‌లో మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబుతో కలిపి 20 మంది పోయారు, అప్పుడు యుద్ధమని ఎవరూ ప్రకటించలేదే! సియాచిన్‌లో తూటా కంటే మంచు ఎక్కువ మందిని తీసుకుపోయింది. నన్నడిగితే విధి నిర్వహణలో పోయిన ప్రతివాడినీ చేర్చాలి. వరసలో హోదాలొద్దు, పోయిన సంవత్సరం చాలు. క్లాసులో హాజరు ర్యాంకుల ప్రకారం పిలిచామా ఏంటి?

చెక్కించే ముందు పేర్లన్నీ అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, ఆ ఇళ్లకు పట్టుకెళ్లి చూపించండి. ఫోన్లో వాట్సాప్ చేసి చేతులు దులుపుకోకండి. తల్లో, భార్యో, అన్నదమ్ములో వేలు పెట్టి చదివి సరేనంటేనే రాయి మీదకి ఎక్కించాలి. దీర్ఘం తప్పితే రబ్బరుతో చెరపలేం కదా. వద్దన్న కుటుంబాన్ని బలవంతం చెయ్యొద్దు.

రాయి చీమకుర్తి గెలాక్సీ అన్నావు. ఆ మెరుపు చుక్కల్లో చిన్న అక్షరాలు కలిసిపోతాయి, మచ్చలేని నల్లరాయి తీసుకోండి. అక్షరాలు లోతుగా చెక్కించండి, పెయింటు మన ఎండలకి ఆగదు. కింద కొంత ఖాళీ వదలండి. శిలాఫలకం మీద మంత్రిగారి పేరు అమరుల పేర్ల కంటే పెద్దదైతే మాత్రం నన్ను పిలవకు! ఆ ఫౌంటెన్ తీసెయ్, ఏడాది తిరక్కుండా దోమల తొట్టి అవుతుంది.

ఆవిష్కరణకి జులై 26 నయం. కార్గిల్ విజయ్ దివస్, బడీ నడుస్తుంటుంది. పంద్రాగస్టు పెడితే అతిథుల్ని మర్యాద చెయ్యడంలోనే పొద్దు గడిచిపోతుంది, ఆ కుటుంబాలు వెనక వరసలో కూర్చుంటాయి.

జాబితా తయారయ్యాక బ్రాడీపేట ఇంటికి పట్రా. నాలుగు తర్వాతైతే కళ్లజోడు పెట్టుకుని కూర్చుంటాను, తప్పులు దిద్దిపెడతాను.

ఇట్లు,
మీ పాత లెక్కల మాస్టారు