కోయిల పాటకి టికెట్టా?

ప్రశ్న: పక్షుల కూతలు రికార్డు చేసి గ్యాలరీలో వినిపిస్తే అది కళ ఎలా అవుతుందండీ? మా పెరట్లో ఊరికే వినిపిస్తాయిగా!
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఊరికే వినిపిస్తాయి, నిజమే. ఆఖరిసారి ఎప్పుడు విన్నారు? మొన్న తెల్లారగట్ల ఐదున్నరకి మా డాబా మీద ఫోన్ పెట్టి రికార్డు చేశాను. కోయిల రెండుసార్లు కూసింది. మూడోది ఎత్తుకునేలోపు కింద నీళ్ల మోటారు వేశారు. ఇక ఆ తర్వాతంతా మోటారు కచేరీయే! (వేసింది నేను కాదు, మా ఆయన.)

అమెరికాలో బెర్నీ క్రాస్ అనే సంగీతకారుడున్నారు. 1988లో సియెర్రా నెవాడా కొండల్లోని లింకన్ మెడోలో తెల్లవారుజాము శబ్దాలు రికార్డు చేశారు. అడవినంతా కొట్టేయం, అక్కడో చెట్టు ఇక్కడో చెట్టు తీస్తాం, ఏ నష్టమూ ఉండదని కలపవాళ్లు నమ్మబలికారు. ఏడాది తర్వాత, చెట్లు తీశాక, ఆయన మళ్లీ వెళ్లారు. ఫొటో తీస్తే అదే పచ్చదనం. రికార్డులో మాత్రం వాగు చప్పుడు, వడ్రంగిపిట్ట టకటకలు తప్ప పెద్దగా ఏమీ లేదు! కంటికి దొరకని నష్టం చెవికి దొరికింది.

ఆయన రికార్డింగులనే 2016లో పారిస్‌లోని కార్టియే ఫౌండేషన్ అనే కళా ప్రదర్శనశాలలో ప్రదర్శించారు. కూత వినిపిస్తుంటే గోడల మీద దాని వెలుగు గీతలు కదులుతుంటాయి. ఏ జీవి గొంతు ఏ స్థాయిలో పలుకుతోందో కళ్లారా చూడొచ్చు. నన్నడిగితే అది కళే.

మీ పెరటి కూతల్ని కూడా ఓసారి రికార్డు చేసి చూడండి. మోటారు వేయకముందే సుమా.