గ్రీకు పురాణాలు అస్సలు తెలీకుండా పర్సీ జాక్సన్ చదవొచ్చా, సినిమా చూస్తే సరిపోదా?

చదవొచ్చండి, హాయిగా. ఈ కాలం అమెరికాలో గ్రీకు దేవుడికి పుట్టిన పర్సీ అనే పిల్లాడి సాహసాల పుస్తకాలివి. మీ అబ్బాయికి 11 ఏళ్ళు అన్నారు కదా, సరైన వయసే. సినిమాతో మాత్రం మొదలుపెట్టకండి.

నేను 2010లో వచ్చిన సినిమా చూసి, ఏదో టైంపాస్ అనుకుని వదిలేశా. చాలా ఏళ్ళకి మా మేనకోడలు మొదటి పుస్తకం తెచ్చి నా పక్కన కూర్చుని చదివించుకుంటే అప్పుడు తెలిసింది అసలు కథ సినిమాలో సగం కూడా లేదని. పుస్తకంలో పర్సీకి 12 ఏళ్ళు. పెద్ద దేవుళ్ళకి పుట్టిన ఒక పిల్లాడికి 16 వచ్చేసరికి దేవుళ్ళుండే ఒలింపస్ నిలబడుతుందో కూలుతుందో తేలిపోతుందని ఒక జోస్యం ఉంటుంది, ఐదు పుస్తకాలూ ఆ టెన్షన్ మీదే నడుస్తాయి. సినిమావాళ్ళు హీరోని మొదట్నుంచే పెద్ద కుర్రాణ్ణి చేసేశారు, యుద్ధదేవుడు ఏరీస్ పాత్రని దాదాపు ఎత్తేశారు, 2013లో రెండోది తీసి చివరి పుస్తకం దాకా దాచుకోవాల్సిన పెద్ద శత్రువు క్రోనస్‌ని హడావిడిగా నిద్రలేపి కొట్టేసి పంపించేశారు, ఇంక మూడోది తీయడానికి ఏం మిగిలింది చెప్పండి. రచయిత రిక్ రియోర్డన్‌కే ఆ సినిమాలు నచ్చలేదు, ఆ మాట బయటికే చెప్పాడు.

పురాణాల సంగతంటారా, పర్సీకే ఏమీ సరిగ్గా తెలీదు, వాడితోపాటే మనమూ నేర్చుకుంటాం. ఒలింపస్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 600వ అంతస్తులో ఉంటుంది, పాతాళానికి దారి లాస్ ఏంజెలెస్‌లో ఒక రికార్డింగ్ స్టూడియోలోంచి. మద్యం దేవుడు డయోనిసస్‌కి దేవుళ్ళ రాజు జ్యూస్ (Zeus) శిక్ష వేసి మందు మాన్పించి పిల్లల క్యాంపుకి డైరెక్టర్‌గా పడేస్తే పాపం డైట్ కోక్ తాగుతూ కూర్చుంటాడు, అది చదివినప్పుడు నాకు యమలీలలో హిమక్రీముల కోసం అల్లాడిపోయే సత్యనారాయణ గారే గుర్తొచ్చారు. దేవుళ్ళని సిటీలోకి దింపి ఆటపట్టించడం మనకి కొత్తా ఏంటి.

ఇంకోటి, మీ అబ్బాయికి చదువు మీద ధ్యాస నిలవదని రాశారు కాబట్టి చెప్తున్నా. రియోర్డన్ స్కూల్ టీచరుగా పనిచేసినవాడు, వాళ్ళబ్బాయికి ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవకపోవడం), డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) ఉన్నాయి, పడుకునేముందు వాడికి చెప్పిన కథే 2005లో పుస్తకమైంది. అందుకే పర్సీకీ ఆ రెండూ ఉంటాయి. అక్షరాలు అలుక్కుపోయేది బుర్ర ప్రాచీన గ్రీకు కోసం తయారైంది కాబట్టట, కుదురుగా కూర్చోలేకపోవడం యుద్ధంలో ప్రాణం కాపాడే గుణమట. మా మేనకోడలు ఆ పేజీ రెండోసారి చదవమంది.

ఇక్కడ చిన్న స్పాయిలర్, వద్దంటే ఈ పేరా దాటేయండి. నా దృష్టిలో ఈ సిరీస్ ప్రాణం పర్సీ కాదు, లూక్. దేవుళ్ళ వార్తాహరుడు హెర్మీస్ కొడుకు, తండ్రి కన్నాడేగానీ పట్టించుకోలేదు, ఆ కసితో శత్రువుల వైపు వెళ్ళిపోతాడు. దానవీరశూరకర్ణ చూసి పెరిగినవాళ్ళకి వీడి బాధ ఇట్టే అర్థమవుతుంది. కాకపోతే కర్ణుడికి కవచకుండలాల విషయం చెప్పడానికైనా సూర్యుడు వచ్చాడు, లూక్‌కి ఆ మాత్రం కూడా దక్కలేదనే అనిపించింది నాకు. చివర్లో దేవుళ్ళు అమరత్వం ఇస్తామంటే పర్సీ వద్దని, మీ పిల్లల్ని 13 ఏళ్ళు వచ్చేలోపు మీ బిడ్డలేనని ఒప్పుకోండి చాలు అంటాడు, ఆ కోరిక ఎందుకంత బరువుగా ఉంటుందో లూక్ కథ తెలిస్తేనే ఎక్కుతుంది.

అలాగని ఇదే అసలు పురాణం అనుకోనివ్వకండి. జ్ఞానదేవత ఎథీనా అసలు పురాణంలో కన్యాదేవత, ఇందులో ఆవిడకి పిల్లలు, ఆలోచనలోంచి పుట్టారని సర్దేశాడు. పాతాళదేవుడు హేడిస్ విషయంలో మాత్రం న్యాయం చేశాడు, 1997 డిస్నీ హెర్క్యులస్‌లోలా ఊరికే విలన్‌ని చెయ్యలేదు. గ్రీకుల లెక్కలో ఆయన సైతాను కాదు, అన్నదమ్ములు చీట్లు వేసుకుంటే పాతాళం వచ్చింది, అంతే.

తెర మీదే చూస్తానంటే 2023 డిసెంబర్‌లో మొదలైన వెబ్ సిరీస్ చూపించండి, దాంట్లో రియోర్డన్ చెయ్యి ఉంది, పిల్లల వయసూ కుదిరింది. పర్సీ స్నేహితుడు గ్రోవర్‌గా వేసిన ఆర్యన్ సింహాద్రి పేరు చూసి మా అమ్మ మనవాళ్ళబ్బాయేనా అని ఒకటే ఆరాలు.

ఐదూ అయ్యాక ఇంకా కావాలంటే రోషనీ చోక్షి రాసిన ఆరూ షా పుస్తకాలు ఇవ్వండి, రియోర్డన్ పేరుమీద నడిచే ఇంప్రింట్ (ప్రచురణ విభాగం)లోనే 2018లో మొదలయ్యాయి. పాండవులు ఈ కాలంలో ఆడపిల్లలుగా పుట్టారన్నమాట. దానికి గ్రీకు అక్కర్లేదు, కానీ మీవాడు అడిగే ప్రశ్నలకి మీరు భారతం ఒకసారి తిరగెయ్యాల్సి రావొచ్చు.