ఓర్జోను అన్నంలా వార్చకండి, సేమ్యాలా వేయించండి

మీ ప్రశ్న చదివాను. ప్యాకెట్ మీద రాసినట్టే మరిగే నీళ్లలో ఓర్జో ఉడికించి, వార్చి, సీసాలో అమ్మే టమాటా సాస్ కలిపితే చప్పగా, ముద్దగా వచ్చిందని రాశారు. పిల్లలు రెండు చెంచాలు తిని పక్కన పెట్టేశారట. పని నుంచి వచ్చాక అరగంటలో అయిపోయే, రుచిగా ఉండే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పమన్నారు. ఉంది. పదకొండేళ్లుగా మెల్‌బోర్న్‌లో మా ఇంట్లో వారానికి ఒకసారైనా ఈ వంట ఉంటుంది. మొదటి ఏడాది నాకూ సరిగ్గా ఇలాగే పాడైంది. అందుకే తప్పు ఎక్కడ జరుగుతుందో చెప్పగలను.

చూడటానికి బియ్యం గింజలా ఉన్నా ఓర్జో బియ్యం కాదు. డ్యూరం గోధుమ రవ్వను నీళ్లతో గట్టిగా తడిపి, అచ్చులోంచి ఒత్తి, చిన్న చిన్న గింజలుగా కోసి ఆరబెట్టిన పాస్తా. మన సేమ్యాకు దగ్గరి చుట్టం. గోధుమ పడని వాళ్లు ఇంట్లో ఉంటే ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే వండాక పళ్లెంలో చూసి అన్నమే అనుకుంటారు. ఇటాలియన్‌లో ఓర్జో అంటే బార్లీ. మా ఆస్ట్రేలియాలో ప్యాకెట్ మీద ఎక్కువగా రిసోని అని ఉంటుంది. గ్రీకులు క్రిథరాకి అంటారు, చిన్న బార్లీ గింజ అని అర్థం. అరబ్బులు పెట్టిన పేరు నాకు అన్నిటికంటే నచ్చింది: లిసాన్ అస్ఫూర్, పిట్ట నాలుక. పేరు ఏదైనా లోపల ఉన్న సరుకు ఒకటే, తేడాగా కనిపిస్తే కంగారు పడకండి.

బియ్యం కాదని తెలియక నేను మొదటిసారి దీన్ని కుక్కర్‌లో పెట్టాను. మూత తీస్తే జావ. బియ్యపు గింజ పొలంలో పండిన గింజ, దానికి సహజమైన కట్టుబాటు ఉంటుంది. ఓర్జోను పట్టి ఉంచేది గోధుమలోని జిగురు మాత్రమే. ఎక్కువసేపు నీళ్లలో నానితే పైపొర కరిగి గంజి అంతా బయటికి వస్తుంది. రెండోసారి మీలాగే వార్చాను. సగం గింజలు జల్లెడ కన్నాల్లోంచి సింకులోకి జారాయి. మిగిలినవి సాస్ వేడెక్కేలోపు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పైగా వార్చిన నీళ్లతో పాటు రుచికి ఆధారమైన గంజి కూడా పోయింది. సాస్ గింజ పైన పూతలా నిలిచిందే తప్ప లోపలికి దిగలేదు. చప్పదనానికి కారణం అదే.

నాకు దారి చూపింది మా పక్కింటి పెద్దావిడ. గ్రీసు నుంచి పెళ్లికి ముందే ఓడలో వచ్చారట. మనవలు పిలిచినట్టే నేనూ ఆమెను యాయా అని పిలిచేదాన్ని, వాళ్ల భాషలో మామ్మ అని. ఆమెకు ఇంగ్లీషు తక్కువ, నాకు గ్రీకు అసలే రాదు. అందుకని ఆమె వంటింట్లో నిలబడి చేతులు చూస్తూ నేర్చుకున్నాను. వెడల్పాటి గిన్నెలో ఆలివ్ నూనె పోసి, ఓర్జో వేసి, చెక్క గరిటెతో ఆగకుండా కలిపారు. నాలుగైదు నిమిషాలకు దంతపు రంగు గింజల్లో కొన్ని బంగారు రంగుకు తిరిగాయి, కొన్ని ఇంకా తెల్లగానే ఉన్నాయి. అప్పుడు లేచిన వాసన నాకు బాగా తెలిసిందే. ఉప్మాకు రవ్వ వేయిస్తుంటే మా అమ్మ వంటింట్లో వచ్చే వాసన. ఆ క్షణంలో నాకు మొత్తం అర్థమైంది. సేమ్యా ఉప్మా చేయడం వచ్చిన వాళ్లకు ఓర్జో కొత్తగా నేర్పాల్సిన పని లేదు. వేయించాలి, కొలిచిన నీళ్లు పోయాలి, ఆ నీళ్లను గింజకే తాగించాలి.

ఇక మీరు ఈ వారంలోనే చేసుకోగలిగిన నిమ్మకాయ, పాలకూర ఓర్జో చెబుతాను. ఇద్దరు పెద్దలకు, ఒకరిద్దరు చిన్న పిల్లలకు సరిపోయే లెక్క. ఓర్జో ఒక కప్పు, సుమారు 200 గ్రాములు. వేడి నీళ్లు లేదా స్టాక్ (కూరగాయలో, మాంసమో ఉడికించి వడకట్టిన రసం) అదే కప్పుతో రెండున్నర. ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, పాలకూర సుమారు 200 గ్రాములు, ఒక నిమ్మకాయ, రెండు పెద్ద చెంచాల ఆలివ్ నూనె, 80 గ్రాముల ఫెటా చీజ్, మిరియాల పొడి. ఫెటా ఉప్పగా ఉంటుంది కాబట్టి ఉప్పు మొదట సగమే వేయండి. గిన్నె లోతుగా కాకుండా వెడల్పుగా, అడుగు మందంగా ఉండాలి. లోతు గిన్నెలో అడుగు గింజలు మెత్తబడిపోతాయి, పైవి పలుకుగా మిగులుతాయి.

ఒక చెంచా నూనెలో ఓర్జో పైన చెప్పినట్టు వేయించి పళ్లెంలోకి తీయండి. మిగతా నూనెలో సన్నగా తరిగిన ఉల్లిపాయ మెత్తబడే దాకా మగ్గించి, చితక్కొట్టిన వెల్లుల్లి వేసి, పచ్చివాసన పోగానే ఓర్జో తిరిగి గిన్నెలోకి వేయండి. పక్క పొయ్యి మీద కాగుతున్న నీళ్లు ఇప్పుడు పోయాలి. చల్లనివి పోస్తే ఉడుకు ఆగిపోయి, మళ్లీ మరిగేలోపు గింజ ఊరికే నాని జిగురవుతుంది. మంట మధ్యస్థం కంటే కాస్త తక్కువ. మూత వద్దు. నిమిషానికి ఒకసారి గరిటెతో అడుగు తాకేలా కలపండి, లేదంటే తప్పకుండా అంటుకుంటుంది. ఎనిమిదో నిమిషంలో ఒక గింజ తీసి కొరికి చూడండి. మధ్యలో సూది మొనంత తెల్లటి చుక్క కనిపిస్తే సరైన అదను. అప్పుడు తరిగిన పాలకూర వేసి, రెండుసార్లు తిప్పి, పొయ్యి ఆపేయండి.

ఎప్పుడు దించాలన్నదే ఈ వంటలో అసలు కిటుకు. యాయా గరిటెను గిన్నె మధ్యలోంచి ఒక గీత గీసినట్టు లాగేవారు. గిన్నె అడుగు ఒక్క క్షణం కనిపించి, రెండు వైపుల నుంచి ఓర్జో నెమ్మదిగా జారి ఆ గీతను మూసేయాలి. గీత అలాగే నిలిచిపోయిందంటే ఆలస్యమైనట్టు, వెంటనే అర కప్పు వేడి నీళ్లు పోయాలి. గీత పడగానే నీళ్లు పరుగెత్తి మూసేస్తే ఇంకో నిమిషం ఉంచాలి. మనకు చేయి ఆపడం కష్టం. ఉప్మా పొడిపొడిగా అయ్యేదాకా ఉంచే అలవాటు కదా. ఓర్జో పొయ్యి దిగాక కూడా నీళ్లు తాగుతూనే ఉంటుంది. పొయ్యి మీద సరిగ్గా ఉందనిపించినది బల్ల మీదికి వచ్చేసరికి గట్టిపడిపోతుంది. కాబట్టి పలచటి పొంగలిలా జారుగా ఉండగానే ఆపి, మూత పెట్టి మూడు నిమిషాలు వదిలేయండి.

మూత తీశాక నిమ్మరసం పిండండి. అంతకు ముందు పిండితే ఆ తాజా వాసన ఆవిరితో పోతుంది. నిమ్మతొక్క పై పసుపు పొరను తురిమి చిటికెడు వేస్తే రసం కంటే ఎక్కువ పరిమళం ఇస్తుంది, తెల్ల పొర మాత్రం తురమకండి, చేదు. చివరగా ఫెటా చేత్తో నలిపి చల్లి, మిరియాల పొడి వేయండి. డిల్ దొరికితే రెండు రెమ్మలు తరిగి వేయండి. హైదరాబాదు వైపు సోయకూర అని అమ్మేది అదే, పాలకూరతో దానికి మంచి పొత్తు. మీ ఇంట్లో శాకాహారులు ఉంటే చీజ్ కొనేటప్పుడు ఒక్క విషయం చూడాలి. పాలు విరగడానికి చాలా చీజుల్లో దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. ఇటలీ నుంచి వచ్చే అసలైన పార్మెజాన్‌లో అది తప్పనిసరి. ఫెటాలో రెండు రకాలూ దొరుకుతాయి, ప్యాకెట్ మీద శాకాహారం అని రాసి ఉన్నదే తీసుకోండి. చీజే వద్దనుకుంటే వేయించిన జీడిపప్పు పలుకులు, మరి కాస్త నిమ్మరసం. మా అత్తయ్య వచ్చినప్పుడు అలాగే చేస్తాను, లోటేమీ అనిపించదు.

స్టాక్ గురించి మీరు అడగలేదు గానీ, రుచి సగం అక్కడే ఉంది. దుకాణంలో దొరికే స్టాక్ క్యూబులు వాడితే ఉప్పు బాగా తగ్గించాలి. నేను చాలాకాలంగా వాటిని మానేసి కందిపప్పు కట్టు వాడుతున్నాను. చారుకోసం పప్పు ఉడికించినప్పుడు పైకి తేరిన కట్టును రెండు కప్పులు తీసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటాను. మర్నాడు ఓర్జోకు అదే స్టాక్. వెన్న వేయకుండానే చిక్కదనం వస్తుంది, గింజకు ఒక కమ్మదనం పడుతుంది. ఒకసారి యాయాకు ఒక గిన్నె పంపాను. గిన్నె తిరిగి ఇస్తూ పొయ్యి వైపు వేలు చూపి, ఇందులో ఏం పోశావని అడిగారు. కందిపప్పు చూపిస్తే తన అల్మారాలోంచి పసుపు రంగు బఠాణీ పప్పు డబ్బా తీసి పక్కన పెట్టి, ఇది పనికొస్తుందా అన్నట్టు చూశారు. పనికొచ్చింది.

పిల్లలకు టమాటా రుచే కావాలంటే సీసా సాస్ అక్కర్లేదు. మూడు పండిన టమాటాలను ఉల్లిపాయతో పాటు గుజ్జుగా మగ్గించి, అంగుళం దాల్చినచెక్క, ఒక ఎండుమిర్చి వేసి, అదే కొలతతో చేయండి. గుజ్జు చిక్కగా ఉంటుంది కాబట్టి ఉడకడానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఇందులో రొయ్యలు అద్భుతంగా కుదురుతాయి. ముందే నూనెలో అటూ ఇటూ ఒక్కో నిమిషం వేయించి తీసి, చివర్లో పొయ్యి ఆపాక కలపాలి. మొదటి నుంచీ ఉడికిస్తే రొయ్య రబ్బరవుతుంది. దాల్చినచెక్క మన అలవాటు కొద్దీ చేర్చింది అనుకోకండి. గ్రీకులు ఆదివారాలు చేసుకునే యువెత్సిలో కూడా అది పడుతుంది. మేక పిల్ల మాంసమో, గొడ్డు మాంసమో టమాటాలో గంటల తరబడి మగ్గించి, ఆ రసంలో ఓర్జో కలిపి ఓవెన్‌లో పెడతారు. గువెచ్ అని టర్కీలో మట్టి పాత్రకు ఉన్న పేరు నుంచే ఆ మాట వచ్చింది. మిగిలిన మటన్ కూర ఉన్న రోజున నేను అదే చేస్తాను. గరిటెడు కూర, పలచన చేసిన పులుసు రెండున్నర కప్పులు, కప్పు ఓర్జో, 180 డిగ్రీల వేడిలో పాతిక నిమిషాలు, మధ్యలో ఒకసారి కలపడం. ఒక్క జాగ్రత్త, వాళ్లు వేసే లారెల్ ఆకు, మన బిర్యానీ ఆకు ఒకటి కావు. మన ఆకులో దాల్చినచెక్క వాసన ఉంటుంది కాబట్టి అది వేసిన రోజు చెక్క తగ్గించండి.

ఆవాలు, కరివేపాకుతో పోపు వేసి ఓర్జో ఉప్మా చేయవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. చేయవచ్చు, చేశాను. నా అభిప్రాయంలో దానికి సేమ్యానే మేలు, ఓర్జో కాస్త బరువుగా అనిపిస్తుంది. పులిహోర మాత్రం వద్దు. చింతపండు గుజ్జు గింజకు పట్టదు, చల్లారాక మొత్తం ఒకే గడ్డ అవుతుంది.

వార్చవద్దని ఇంత చెప్పినా, వార్చాల్సిన సందర్భం ఒకటుంది. డబ్బాలో పెట్టుకునే చల్లటి సలాడ్‌కు. అప్పుడు లీటరు నీళ్లకు 10 గ్రాముల ఉప్పు వేసి, బాగా మరిగే నీళ్లలో ఉడికించి, సన్నకన్నాల జల్లెడలో వార్చి, వెంటనే చల్లటి నీళ్లతో కడిగి, చెంచా నూనె పట్టించండి. కీర దోస, టమాటా, ఎర్ర ఉల్లిపాయ, ఉడికించిన కాబూలీ శనగలు, ఆలివ్‌లు, ఎండు ఒరెగానో, నిమ్మరసం. జనవరిలో మా ఊళ్లో ఎండలు మండిపోయే రోజుల్లో పిల్లల డబ్బాలోకి ఇదే. వేడి ఓర్జో మిగిలితే మర్నాటికి గట్టిపడుతుంది, పడేయకండి. నాలుగు చెంచాల వేడి నీళ్లు చిలకరించి చిన్న మంట మీద కలిపితే మళ్లీ జారుతుంది, ఆపైన నిమ్మరసం కొత్తగా పిండుకోవాలి.

ప్యాకెట్ అడుగున గుప్పెడు మిగిలిపోతే టర్కీ వాళ్లు చేసే పిలావు చేయండి. రెండు చెంచాల ఓర్జోను వెన్నలో బాగా ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించి, కడిగిన బియ్యం ఒక కప్పు వేసి కలిపి, ఉప్పు, సరిపడా వేడి నీళ్లు పోసి మామూలు అన్నంలా వండడమే. తెల్లటి మెతుకుల మధ్య అక్కడక్కడా గోధుమ రంగు గింజలు తగులుతుంటాయి. పక్కన పెరుగు పెట్టుకుని తింటారు వాళ్లు. మా పిల్లలు మొదటిసారి ఏరుకుని ఏరుకుని ఆ గోధుమ రంగు గింజలే తినేశారు, ఇప్పుడు రెండు చెంచాలకు బదులు నాలుగు వేస్తున్నాను.