బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడే టేబుల్‌టాప్ ఆర్పీజీలో మగ ఆటగాడు ఆడ పాత్రను (లేదా ఆడవాళ్లు మగ పాత్రను) ఎలా నడపాలి?

నిబంధనల పరంగా అడ్డేమీ లేదు. ఇలాంటి ఆటే అయిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1978 నాటి నియమావళిలో ఆడ పాత్రల బలానికి తక్కువ గరిష్ఠ పరిమితి ఉండేది. 1989 నాటి రెండో ఎడిషన్‌లో దాన్ని తీసేశారు, మంచి పనే. చిక్కంతా ఆడే తీరులోనే.

ముందు పాత్రకు ఏం కావాలో, దేనికి భయపడుతుందో, ఎవరికి బాకీ ఉందో రాసుకోండి. లింగం ఆ తర్వాత. ఇది తిరగబడితే పాత్రకు వయ్యారం తప్ప మరేమీ మిగలదు. ఎక్కువగా చెడేది ఇక్కడే.

గొంతు సన్నగా మార్చకండి. అది కాసేపటికి అలసట, ఆపైన వెటకారం. మాట వేగం, వాక్యాల పొడవు, ఒకట్రెండు ఊతపదాలు మార్చితే చాలు.

తెలుగులో ఆడేవారికి ఇంకో ఇబ్బంది: 'నేను తలుపు తీస్తాను' అంటే ఆడో మగో తెలియదు. దాంతో పక్కవాళ్లు ఎదురుగా ఉన్న మనిషిని చూసి 'తీశాడు' అనేస్తారు. పాత్ర పేరు రాసిన మడత కార్డును ఇతరులకు కనిపించేలా పెట్టండి. ఆటను నడిపించే గేమ్ మాస్టర్ మిమ్మల్ని పాత్ర పేరుతోనే పిలవాలి. ఎవరైనా పొరపాటున 'తీశాడు' అంటే ఒక్క మాటలో సరిదిద్ది ముందుకు సాగండి.

ప్రేమ, వేధింపు సన్నివేశాలు ఎంతవరకో ఆట మొదలుపెట్టే ముందు అందరూ మాట్లాడుకునే సెషన్ జీరోలోనే తేల్చుకోండి. ఆడ పాత్ర కనబడగానే ప్రతి సత్రం యజమానీ వెకిలిగా మాట్లాడితే ఆ తప్పు గేమ్ మాస్టర్‌ది. బల్ల మీద ఎక్స్ కార్డు (X అని రాసిన చీటీ) ఉంచితే, ఎవరు తాకినా ఆ సన్నివేశాన్ని కారణం అడగకుండా మార్చేయాలి.