బరువు తగ్గాలనుకుంటున్న మా మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడిని తెనాలి నుండి మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేను, మీ అత్తయ్య క్షేమంగా ఉన్నాము.

నీవు పంపిన సందేశాన్ని నిన్న రాత్రి ఒకసారి, ఈ ఉదయం కాలువ గట్టు మీద నడిచి వచ్చాక మరొకసారి చదివాను. బరువు 92 కిలోలకు చేరిందని, మొన్నటి పరీక్షలో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల రక్తంలోని చక్కెర సగటును చూపే అంకె) 6.1 శాతం వచ్చిందని, ఈసారి ఎలాగైనా తగ్గి తీరాలని రాశావు. ఎందుకు తగ్గాలనుకుంటున్నావో నాలుగు కారణాలు కూడా చెప్పావు. నేను ముఖ్యంగా ఆ కారణాల గురించే రాస్తున్నాను. ఏమి తినాలో, ఎంత నడవాలో నీకు తెలియక కాదు కదా. ఇప్పటికి మూడుసార్లు తగ్గి, మూడుసార్లూ మళ్ళీ పెరిగావు. తగ్గే విద్య నీకు వచ్చు. తగ్గిన తరువాత దానిని నిలుపుకోవడానికి తగిన కారణమే నీ దగ్గర ఇంతవరకు లేదని నా అభిప్రాయం.

దానికి ముందు ఒక మాట. అద్దంలో చూసుకుంటే అసహ్యం వేస్తోందని రాశావు. అది చదివి నాకు బాధ కలిగింది. పన్నెండేళ్ళుగా అర్ధరాత్రి దాకా మేలుకొని పనిచేసి, ఇల్లు కొని, మీ నాన్నగారి వైద్యానికి ఏ లోటూ రాకుండా చూసుకున్నది ఆ శరీరమే. దానిని శత్రువుగా భావించి మొదలుపెట్టిన పని శిక్షలాగే ఉంటుంది, శిక్షను ఎవరూ జీవితాంతం ఇష్టంగా అనుభవించరు.

నా సంగతి నీకు కొంత తెలుసు, పూర్తిగా తెలియదు. నలభై ఎనిమిదో ఏట, మీ వదిన పెళ్ళికి రెండు నెలల ముందు, నేను రాత్రి భోజనం పూర్తిగా మానేసి ఆరు కిలోలు తగ్గాను. పెళ్ళిలో అందరూ మెచ్చుకున్నారు. పెళ్ళి అయిపోయిన మరునాటి నుండి ఆ రాత్రి ఆకలిని ఓర్చుకోవడానికి నాకు ఏ కారణమూ మిగలలేదు, అయిదు నెలలు తిరిగేసరికి ఎనిమిది కిలోలు పెరిగాను. అప్పుడు నా మనోబలాన్ని నేనే నిందించుకున్నాను. నిజానికి లోపం మనోబలంలో లేదు. నేను పెట్టుకున్న కారణానికి ముహూర్తం ఉంది, ముహూర్తం దాటగానే అది చెల్లిపోయింది.

తరువాత మూడేళ్ళకు మీ తాతగారు కాలం చేశారు. కర్మ చేయవలసినవాడిని నేను. పదో రోజున నది ఒడ్డున పీట మీద కూర్చోవలసి వచ్చినప్పుడు నాకు మఠం వేసుకోవడం కుదరలేదు. మోకాలు నేలకు ఆనించి వంగితే ఊపిరి ఆడలేదు, లేవాలంటే ఇద్దరు చేయి అందించవలసి వచ్చింది. పురోహితుడు ఎంతో దయగా, ఫరవాలేదు, కుర్చీ వేయించుకోండి అన్నారు. ఎవరూ నన్ను తక్కువ చేసి మాట్లాడలేదు. కాని మా నాన్నగారు ఎనభై ఏళ్ళు దాటాక కూడా నేల మీద కూర్చొని భోజనం చేసేవారు, ఆయనకు పిండం పెట్టడానికి యాభై ఒక్క ఏళ్ళ కొడుకు కుర్చీలో కూర్చున్నాడు. మరుసటి ఏడాది తద్దినం నాటికి పీట మీద కూర్చొని, ఎవరి చేయీ పట్టుకోకుండా లేవాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

అప్పుడు నా బరువు 94. రెండేళ్ళకు 78కి వచ్చింది, ఈ పదిహేనేళ్ళలో రెండు మూడు కిలోలు అటూ ఇటూ అవుతూ అక్కడే ఉంది. తద్దినం ఏటా వస్తుంది కనుక నా కారణానికి గడువు తీరలేదు. అంతకంటే ముఖ్యం, అది ప్రతి రోజూ పరీక్షించుకోగలిగినది: రోజూ నేల మీద కూర్చొని భోంచేస్తాను, చేయి ఆనించకుండా లేస్తాను. లేవలేని రోజున కాటా ఎక్కకుండానే నాకు సంగతి తెలిసిపోతుంది.

ఇప్పుడు నీ కారణాలు చూద్దాము. మొదటిది మీ మరదలి పెళ్ళి, ఫోటోలు. దానిని గురించి వేరే చెప్పనక్కరలేదు, నా కథే చాలు. రెండవది ఆఫీసులో తోటివారి మాటలు. వారి మాటల బాధ నాకు అర్థమవుతుంది, కాని రేపు నీవు ఉద్యోగం మారితే ఆ మాటలూ ఉండవు, ఆ పట్టుదలా ఉండదు. పైగా ఇతరుల నోరు మూయించడానికి చేసే పని వారు చూస్తున్నంతసేపే సాగుతుంది. రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు తీసేటప్పుడు వారెవరూ అక్కడ ఉండరు.

మూడవది వైద్యుడి హెచ్చరిక. ఇది తీసిపారేయవలసిన కారణం కాదు. హెచ్‌బీఏ1సీ 5.7 నుండి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ అంటారు, 6.5 గాని అంతకు మించి గాని ఉంటే మధుమేహమే. మీ నాన్నగారికి ఆ జబ్బు ఉంది, మనవాళ్ళలో కొవ్వు పొట్ట దగ్గర చేరే గుణం ఎక్కువ, అందుకే శరీరం బరువును మీటర్లలో కొలిచిన ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే సూచిక 25 దాటితే భారతీయులలో ఊబకాయంగా లెక్కిస్తారు. నీ ఎత్తుకు అది 32కు దగ్గరగా ఉంది. మగవారి నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు. ఇవన్నీ నిజమే. అయినా భయం మనిషిని పరుగెత్తిస్తుంది గాని నడిపించదు. రిపోర్టు వచ్చిన పదిహేను రోజులు మీ నాన్నగారు కూడా చక్కెర లేని కాఫీ తాగారు, పదహారో రోజున భయం పాతబడింది. కాబట్టి ఆ అంకెను భయంగా కాక సమాచారంగా దాచుకో, మూడు నెలలకొకసారి మళ్ళీ చూపించుకో.

ఆ అంకె నుండి వెనక్కి రావచ్చు కూడా. అమెరికాలో 2002లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, నీలాగే అంచున ఉన్నవారికి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెడితే, సుమారు మూడేళ్ళలో మధుమేహం బారిన పడేవారు 58 శాతం తగ్గారు. నీ లెక్కలో 7 శాతమంటే ఆరున్నర కిలోలు మాత్రమే. 2006లో ప్రచురితమైన చెన్నై అధ్యయనం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది: అందులో ఆహారం, నడక మార్చుకున్నవారి బరువు పెద్దగా తగ్గలేదు, అయినా జబ్బు వచ్చే అవకాశం పాతిక శాతానికి పైగా తగ్గింది. కాటా మీద ముల్లు కదలని వారాలు నీకు తప్పక వస్తాయి. ఆ వారాలలోనూ లోపల మేలు జరుగుతూనే ఉంటుందని గుర్తుంచుకో. గత మూడుసార్లూ నీవు విడిచిపెట్టింది అటువంటి వారాలలోనే.

ఇక నాలుగవది. సందేశం చివర అర వాక్యంలో, ‘పాప పుట్టినప్పటి కొండ నడక మొక్కు కూడా అలాగే ఉండిపోయింది’ అని రాశావు. మిగిలిన మూడింటినీ ఎవరో నీ చేతికిచ్చారు, ఇది మాత్రం నీవే చేసుకున్నది. అలిపిరి నుండి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. పాపకు ఇప్పుడు నాలుగేళ్ళు. రెండేళ్ళలో అది నీ వేలు పట్టుకొని నాలుగడుగులు నీకంటే ముందు ఎక్కుతుంది, అప్పుడు నీవు ప్రతి మలుపులోనూ కూలబడకుండా దాని వెంట వెళ్ళగలగాలి. మొక్కును ఒక్కసారితో చెల్లించి ముగించవద్దు. ఏటా ఒకసారి కాలినడకన వస్తానని స్వామికి చెప్పుకో. నిర్ణయం నీదే, నేను బలవంతం చేయను. కాని నీ నాలుగు కారణాలలో పదేళ్ళ తరువాత కూడా బతికి ఉండేది ఇదొక్కటే.

అయితే తొందరపడి వచ్చే నెలలోనే బయలుదేరవద్దు. ఊబకాయం, గుండెజబ్బు ఉన్నవారు నడకదారిలో రావద్దని దేవస్థానం వారే విజ్ఞప్తి చేశారు, గాలిగోపురం దాకా ఎక్కుడు నిజంగానే కఠినం. ముందు వైద్యుడికి చూపించుకొని, గుండె, రక్తపోటు సరిగా ఉన్నాయని నిర్ధారించుకో. మీ అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులోనే కదా, లిఫ్టు మాని రోజుకొకసారి మెట్లెక్కడంతో ప్రారంభించు. నెల గడిచాక రెండుసార్లు చేయి. మొదటి అంతస్తు దగ్గర ఆయాసపడినవాడివి మూడో అంతస్తు దాకా మాట్లాడుతూ ఎక్కగలిగిన రోజును పుస్తకంలో రాసుకో. బరువు వారానికి ఒక్కసారి, అదీ ఒకే రోజున, ఒకే వేళకు చూసుకుంటే చాలు.

భోజనం విషయంలో నేను చేసిన పెద్ద మార్పు ఒక్కటే, అది నీకూ సరిపోతుంది. మన భోజనంలో అన్నం ఒక్కసారి తినము. పప్పులోకి ఒకసారి, పులుసులోకో చారులోకో మరొకసారి, పెరుగులోకి ఇంకొకసారి కలుపుకుంటాము. ప్రతిసారీ కొత్తగా వడ్డించుకుంటాము కనుక మొత్తం ఎంత తిన్నామో మనకే తెలియదు. నేను అన్నం అంతా మొదటే ఒక్కసారి పెట్టించుకొని, దానినే మూడు భాగాలు చేసుకోవడం మొదలుపెట్టాను. మారు అన్నం లేదు, మారు కూర ఉంది. మా ఇంట్లో అంతకుముందు పిడికెడు కూరతో పళ్ళెమంత అన్నం తినేవాళ్ళము. ఇప్పుడు బీరకాయో, దొండకాయో, తోటకూరో కంచంలో సగం ఉంటుంది, పప్పు గట్టిగా ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలలో కూడా మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని ఉంది. అంటే అన్నం బదులు జొన్నరొట్టెలు ఎన్నయినా తినవచ్చని కాదు, జొన్న కూడా ధాన్యమే. రొట్టె మంచిదే, లెక్క మాత్రం రెండింటికీ ఒక్కటే.

నూనెకు ఒక సులువైన లెక్క ఉంది. నెలకు మనిషికి లీటరు నూనె ఖర్చయితే రోజుకు సుమారు ముప్పై గ్రాములు పడినట్టు, అంటే దాదాపు 270 కేలరీలు. మీ ఇంట్లో అయిదుగురికి నెలకు ఎన్ని లీటర్లు కొంటున్నారో చూడు. పాప చిన్నది కనుక నాలుగు లీటర్లు దాటుతుంటే తగ్గించవలసిందే. సాయంత్రం ఆఫీసు దగ్గర తినే మిరపకాయ బజ్జీలు, పునుగులు ఈ లెక్కలోకి రావు, అవి అదనం.

నీ అసలు చిక్కు రాత్రి వేళ అని నాకు అనిపిస్తోంది. అమెరికా వారితో మాట్లాడడం పదకొండింటికి ముగించి, అప్పుడు తిని, వెంటనే పడుకుంటున్నావు. ఏడున్నరకే, మాటలు మొదలుకాక ముందే, పాపతో కలిసి తినెయ్యి. పదకొండింటికి ఆకలేస్తే గ్లాసెడు పలచని మజ్జిగ తాగు. తిన్న తరువాత పావుగంట మీ ఆవరణలోనే నడిస్తే చక్కెర పెరగడం తగ్గుతుంది. నిద్ర ఆరు గంటలకు తగ్గిన మరునాడు ఎంత పట్టుదల ఉన్నవాడైనా ఎక్కువే తింటాడు, కనుక నిద్రను కూడా ఈ పనిలో భాగంగానే చూడు.

మా అక్కయ్య వడ్డించే చేయి నాకు తెలుసు. కంచం ముందు కూర్చున్నాక వద్దంటే ఆమె నొచ్చుకుంటుంది, నీవు మొహమాటపడి తింటావు, తరువాత కోప్పడతావు. భోజనానికి ముందే, ఉదయం తీరికగా ఉన్నప్పుడు, కొండ ఎక్కడానికి సిద్ధమవుతున్నానని చెప్పి, అమ్మా, నాకు నువ్వే సాయం చేయాలి అని అడుగు. నెయ్యి తగ్గించమని చెప్పడం కంటే మెంతికూర పప్పు, పెసరట్టు, ఉడికించిన శనగలు చేసిపెట్టమని అడగడం మేలు. ఆమెకు బిడ్డకు వండిపెట్టే తృప్తి కావాలి, దానిని తీసివేయకు. నీ భార్య మీద మాత్రం కాపలా పని పెట్టకు. నీవు ఎంత తిన్నావో లెక్కపెట్టడం ఆమె బాధ్యత కాదు, అది మొదలైతే ఇంట్లో చిరాకు మొదలవుతుంది.

పరిచయస్తులు ఎవరైనా పొడి డబ్బాలు, కషాయాలు అమ్మజూపితే మర్యాదగా కాదను. బరువు తగ్గడానికి ఈ మధ్య వచ్చిన ఇంజెక్షన్ల గురించి అడిగావు. అవి నీకు అవసరమా అన్నది వైద్యుడు తేల్చవలసిన విషయం, అవసరమంటే తీసుకోవడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. వారానికి అరకిలో కంటే వేగంగా తగ్గాలని మాత్రం ఆరాటపడకు. సంక్రాంతికి అరిసెలు తింటావు, తినాలి కూడా. నాలుగు రోజులు అదుపు తప్పితే అయిదో రోజున ఉపవాసం చేసి సరిపెట్టబోకు, మామూలుగా తిని, మామూలుగా మెట్లెక్కు.

మాఘమాసంలో తాతగారి తద్దినానికి ఎలాగూ అందరూ వస్తారు. నీవు ఒక రోజు ముందే రా. తెల్లవారుజామున నాతో కాలువ గట్టు మీద నడుద్దువు గాని, నీ మెట్ల లెక్క రాసిన పుస్తకం కూడా వెంట తెచ్చుకో. భోజనానికి మనిద్దరం నేల మీదే కూర్చుందాము.

పాపకు నా ముద్దులు, అక్కయ్యకు, బావగారికి నా నమస్కారాలు.

ఆశీస్సులతో,
మీ మామయ్య