పాఠకుల ప్రశ్నలు: అక్క పాట, చెల్లెలి సితార్

ప్రశ్న: గాయని నోరా జోన్స్‌కూ, సితార్ కళాకారిణి అనుష్కా శంకర్‌కూ బంధుత్వం ఏమిటి? వారికి మన మద్రాసుతో సంబంధం ఉందంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, మైలాపూర్, చెన్నై

జవాబు: తండ్రి ఒక్కరే, తల్లులు వేరు. 1979లో న్యూయార్క్‌లో పుట్టి టెక్సస్‌లో తల్లి స్యూ జోన్స్ దగ్గర పెరిగిన నోరాకు, తండ్రి పండిట్ రవిశంకర్ వైపు నుంచి బెంగాలీ మూలాలు సంక్రమించాయి. గీతాలి అన్న పేరు ఆ వైపుదే, దానిని ఆమె పదహారో ఏట వదులుకున్నారు. 1981లో లండన్‌లో జన్మించిన అనుష్క తల్లి సుకన్య మాత్రం మద్రాసులో పుట్టిన తమిళ మహిళ కనుక మీరు విన్నది నిజమే, కాకపోతే ఆ సంబంధం చెల్లెలిది, అక్కది కాదు. తెలుగువారికీ ఇందులో చిన్న ముచ్చట ఉంది: రవిశంకర్, సుకన్యల వివాహం 1989లో హైదరాబాదు సమీపాన చిలుకూరు ఆలయంలో జరిగింది. ప్రఖ్యాత నర్తకుడు ఉదయశంకర్ ఈ అక్కచెల్లెళ్ళిద్దరికీ పెదనాన్న. 2013లో వెలువడిన అనుష్క ఆల్బమ్‌లో నోరా పాడారు.