కామంచి పక్కన ఉంటే టమాటా, వంగ దెబ్బతింటాయా?

టమాటా మడిలో దానంతటదే మొలిచిన కామంచిని ఉంచాలా పీకాలా, దాని వేర్లలోని విషం పక్క మొక్కల్ని చంపుతుందా అన్నది మీ ప్రశ్న. టమాటా మడిలోదైతే పీకేయండి. కానీ కారణం వేర్ల విషం కాదు.

కామంచి, టమాటా, వంగ, మిరప, బంగాళదుంప అన్నీ ఒకే కుటుంబం. వాటికొచ్చే తెగుళ్ళలో చాలావాటికి కామంచి కూడా ఆశ్రయమిస్తుంది. తెల్లదోమ, పేనుబంక దాని ఆకుల అడుగున పెరిగి టమాటా మీదికి వస్తాయి. పేనుబంకతో పాటు మొజాయిక్ వైరస్ కూడా రావచ్చు. వంగను తినే అక్షింతల పురుగుకూ కామంచి ఇష్టమే.

అన్నిటికన్నా ప్రమాదం బాక్టీరియా ఎండు తెగులు. ఈ బాక్టీరియా వేర్లలో ఉన్నా కామంచి పచ్చగానే కనిపించవచ్చు, పక్కనున్న టమాటా మాత్రం ఆకులు పచ్చగా ఉండగానే వాలిపోతుంది. అలా వాలిన మొక్కను నేలకు దగ్గరగా కోసి, 5–6 సెంటీమీటర్ల కాండం ముక్కను గాజు గ్లాసులోని నీళ్ళలో కోసిన కొస మునిగేలా వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కోత నుంచి తెల్లటి సన్నని దారాలు కిందికి జారితే ఈ తెగులే. ఆ మడిలో కనీసం మూడేళ్ళు ఈ కుటుంబం పంటలేవీ వేయకూడదు. చాలామంది పంట మారుస్తారు గానీ గట్టు మీది కామంచిని వదిలేస్తారు. బాక్టీరియా దాని వేర్లలో బతికే ఉంటుంది, పంట మార్పిడి వృథా అవుతుంది.

పీకిన కామంచి వేర్లను కడిగి చూడండి. వేర్లే అక్కడక్కడా ఉబ్బి ముడులు కట్టి ఉంటే నేలలో నులిపురుగులు (వేర్లలో చేరే, కంటికి కనిపించనంత సన్నని పురుగులు) ఉన్నాయి. అవి బెండ, దోస జాతులకూ సోకుతాయి, కాబట్టి ఆ మడిలో వాటినీ వేయొద్దు.

తోటకూర, ఉల్లి, మొక్కజొన్న దగ్గర ఒకటీ అరా మొక్క ఉంటే పెద్ద నష్టం లేదు. నారు నాటిన మొదటి నెలన్నరలో మాత్రం ఏ కలుపైనా నీరు, ఎరువు, వెలుగు లాక్కుంటుంది. కామంచి మోకాలెత్తు పెరిగి పక్కలకు పరుచుకుంటుంది, లేత నారు దాని నీడలో సన్నగా సాగిపోతుంది.

కాయలు నల్లబడకముందే, నేల తడిగా ఉన్నప్పుడు తల్లివేరుతో సహా లాగండి. ఒక్కో పండులో పదుల కొద్దీ గింజలుంటాయి, అవి నేలలో ఏళ్ళ తరబడి మొలకెత్తే శక్తితో ఉంటాయి. టమాటా మొదలును ఆనుకుని మొలిస్తే లాగొద్దు, టమాటా వేర్లు తెగుతాయి. నేల మట్టానికి కాస్త కింద కత్తితో కోయండి. పైన కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. కాయలున్న మొక్కను కంపోస్టులో వేయకండి. కుప్ప బాగా వేడెక్కకపోతే గింజలు చావవు, ఎరువుతో పాటు తోటంతా పాకుతాయి.

పండ్ల కోసం కామంచి కావాలనుకుంటే టమాటా, వంగలకు దూరంగా, కొత్త మట్టితో నింపిన విడి కుండీలో పెంచండి. పచ్చికాయలు విషం, పిల్లలకు అందనివ్వొద్దు. తెల్లదోమకు దూరం అడ్డు కాదు, అందుకే వారానికోసారి ఆకులు తిప్పి చూడండి. కుండీ అడుగు నుంచి కారే నీళ్ళు కూరగాయల మడిలోకి పారకుండా చూసుకోండి, ఎండు తెగులు బాక్టీరియా నీటితో కూడా పాకుతుంది.